వడ్రంగి చేతిలో దర్జీ షాపు

ఆసుపత్రి వెనక సందు, మూడో అంతస్తు గది
మొదటి కోర్సు ఎక్కించుకున్న ఐదో రోజు

ఒరేయ్ తమ్ముడూ,

ఫోను చేయొద్దన్నానని అలిగావట, మీ బావ చెప్పారు. అలిగితే అలుగు. నువ్వు ఫోనెత్తి "అక్కా" అని ఒక్క మాట అని బావురుమంటావు. నువ్వేడిస్తే చిన్నప్పటి నుంచీ నాకు నవ్వు. ఇప్పుడు నవ్వితే వాంతి వస్తోంది. మొన్న నర్సు ఫోను లాక్కుని, "ఇంతకీ పేషెంటు ఈవిడా, ఆ ఏడ్చే ఆయనా?" అని అడిగింది. అందుకని ఉత్తరాలు రాసుకుందాం. కాగితం మీద నువ్వు ఎంత ఏడ్చినా నాకు వినపడదు.

నా సంగతి సరే. క్యాన్సర్ అని చెప్పాక ఇంకా చెప్పడానికి ఏముంటుంది? మొత్తం ఆరు కోర్సులు, మూడు వారాలకొకటి. ఒక్కో కోర్సు బిల్లు మన షాపు రెండు నెలల రాబడి. మొదటి బిల్లు చూసి మీ బావ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. అంకె మారలేదు. జీతం లేని సెలవు పెట్టి వచ్చిన బస్సు డ్రైవరు కదా, చేతులు ఊరుకోవు. నన్ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, బస్సు తోలినట్టే తోస్తారు. మలుపు వస్తే నోటితో హారన్ కొడతారు. వంట కూడా అంతే. ఎక్కడా ఆగరు, ఏం తొక్కేశామో వెనక్కి తిరిగి చూడరు.

మేం దాచుకున్నది రెండు కోర్సులకి సరిపోతుంది. తర్వాతది తర్వాత. నీ డబ్బు పంపుతానన్నావట. నీ పిల్లల నోటి దగ్గరిది నాకొద్దు. ఊళ్ళో ఎవరి ముందూ చెయ్యి చాచకు. నాన్న పోయినప్పుడు ఊరంతా తలా కాస్త వేసుకుని మనకిచ్చారు. నువ్వు చిన్నవాడివి, నీకు తెలీదు. ఆ తర్వాత పదేళ్ళు నేను కొత్త రిబ్బను పెట్టుకున్నా "మా డబ్బుతోనే కాబోలు" అన్నట్టు చూశారు. ఆ చూపు ఇంకోసారి పడను.

షాపుకి తాళం వెయ్యి. వారానికోసారి మెషీన్‌కి నూనె వెయ్యి. ఇంకేమీ ముట్టుకోకు. నీ సంగతి నాకు తెలుసు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను, ఏమీ ముట్టుకోకు.

మీ అక్క

*

దర్జీ షాపు, కత్తిరింపుల బల్ల దగ్గర నుంచి
ఆదివారం

అక్కకి నమస్కారం. ఆ వంట తింటున్నందుకు నీకు, వండుతున్నందుకు బావకి నా సానుభూతి.

ముట్టుకున్నాను.

తిట్టకుండా పూర్తిగా చదువు. ఊరి డబ్బు వద్దన్నావు, నా డబ్బు వద్దన్నావు. నీ షాపు సంపాదన నీది కాదనలేవు కదా? పొద్దున నా కొట్లో తలుపులు, కిటికీలు. సాయంత్రం నీ షాపులో చొక్కాలు, ప్యాంట్లు. ఇరవై ఏళ్ళుగా కొలతల మీద బతుకుతున్నవాణ్ణి. చెక్కయినా గుడ్డయినా కొలత కొలతే. పైగా చెక్క మొండిది, గుడ్డ చెప్పినట్టు వింటుందనుకున్నాను. వినదక్కా. గుడ్డంత టక్కరిది ఇంకోటి లేదు. కొలిచేటప్పుడు ఒకలా, కోసేటప్పుడు ఇంకొకలా ఉంటుంది.

మొదటి బేరం మన హెడ్మాస్టరు గారిది. ప్యాంటు గుడ్డ తెచ్చి "మీ అక్క లేదుగా" అన్నారు. "నేనున్నానుగా" అన్నాను. ఆయన కాసేపు నన్ను చూశారు, కాసేపు గుడ్డని చూశారు, గుడ్డని ఒకసారి ఆప్యాయంగా నిమిరి, "సరే, కానివ్వు" అన్నారు.

ఎంత శ్రద్ధగా చేశాననుకున్నావు! రంపం కోతకి కొంత పోతుంది కాబట్టి చెక్క మీద ఆ మందం వదులుతాం. అలవాటు కొద్దీ కత్తెరకి కూడా వదిలాను. మోకాలి దగ్గర కాలు వంగుతుంది కదా, అక్కడ మడతబందు బిగిద్దామని చెయ్యి లాగింది, ఆపుకున్నాను. ఇస్త్రీ మడత చెదరకుండా లోపల మాత్రం పలచగా జిగురు రాశాను. అది చెక్క జిగురే, మంచి రకం.

ఆయన వేసుకుని అటు ఇటు నడిచారు. కాళ్ళు ఎంత తిన్నగా పడ్డాయో చూడాలి. కవాతు చేస్తున్నట్టుంది. "అద్భుతం" అన్నారు. కూర్చోండంటే "నిలబడే అలవాటు" అన్నారు. డబ్బిచ్చి, చిల్లర ఉంచుకోమని వెళ్ళిపోయారు. మర్నాడు ఇంకో రెండు ప్యాంట్లకి గుడ్డ తెచ్చారు!

నాలో ఇంత విద్య ఉందని నీకు ఇన్నేళ్ళూ ఎందుకు కనపడలేదక్కా?

నీ తమ్ముడు

*

మూడో అంతస్తు గది
రెండో కోర్సు అయిన వారానికి

ఒరేయ్ వడ్రంగీ,

పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట నీలాంటివాడు. నీ ఉత్తరం చదివి మంచం మీద లేచి కూర్చున్నాను. లేవలేని రోజు అది. మీ బావ నా మొహం చూసి డాక్టర్ని పిలవడానికి పరిగెత్తారు.

జిగురా? ప్యాంటుకి జిగురా? ఆయన కూర్చోకపోవడం అలవాటు కాదురా, కూర్చోలేక!

ఇప్పుడు చెప్పేది గోడ మీద రాసి పెట్టుకో. గుడ్డని మూలమట్టంతో కొలవకు, మనిషికి మూలలుండవు. పెన్సిలు వాడకు, సుద్ద వాడు. చంక దగ్గర వదులు ఉంచు. మనుషులు చేతులు పైకెత్తుతారు. కాలరు కట్ చేసే ముందు నాకు ఉత్తరం రాయి. రాశాక కూడా కట్ చేయకు.

జుట్టంతా పోయింది. షాంపూ ఖర్చు తగ్గింది. నా గుండు మీద మీ బావ ముద్దుపెట్టి, "టైరు కొత్తదానిలా నున్నగా ఉంది" అన్నారు. అది మెచ్చుకోవడమేనట. వేళ్ళ కొసలు మొద్దుబారాయి. నిన్న సూదిలో దారం ఎక్కించడానికి అరగంట పట్టింది. ఎక్కలేదు. మందు మానేశాక మెల్లగా సర్దుకుంటుందని డాక్టరంటున్నారు. ఆ ఒక్కదానికే ఏడ్చాను. జుట్టుకి ఏడవలేదు.

నువ్వు పంపిన డబ్బు చేరింది. మూడో కోర్సుకి సగం పైనే ఉంది. షాపుదే అంటున్నావు కాబట్టి తీసుకున్నాను. నిజంగా షాపుదేనా? నా మీద ఒట్టేసి రాయి.

అక్క

*

దర్జీ షాపు
మెషీన్ సూది విరిగిన రోజు (ఈ వారంలో మూడోది)

అక్కా,

నీ మీద ఒట్టు. ప్రతి పైసా షాపుదే. గుడ్డ తెస్తున్నారు, కుట్టించుకుంటున్నారు, డబ్బిస్తున్నారు. నువ్వున్నప్పుడు కూడా ఇంత రద్దీ లేదని చెప్తే నొచ్చుకోవు కదా?

హెడ్మాస్టరు గారికి ఇప్పటికి తొమ్మిది ప్యాంట్లు. రొట్టెల షాపావిడ ఆరు పరదాలు కుట్టించుకుంది. పరదాలంటే నాకు ప్రాణం, నాలుగు మూలలూ ఉంటాయి. పోస్ట్‌మాన్‌కి పద్నాలుగు చొక్కాలు. వాటికి నా సొంత ఆలోచనతో జేబుని సొరుగులా పెట్టాను, బయటికి లాగితే వస్తుంది. మొదటిరోజు పూర్తిగా లాగితే ఊడి వచ్చేసింది. అతను దాన్ని చేత్తో పట్టుకుని ఉత్తరాలు పంచుకుంటూ పోయాడు. బావ పనిచేసే డిపో వాళ్ళయితే అందరికీ యూనిఫారాలు! ఒక డ్రైవరుకి కుడిచెయ్యి కాస్త పొడుగొచ్చింది. "గేరు మార్చడానికి వీలుగా ఉంది" అన్నాడు. వినియోగదారుడి తృప్తి అంటే అదీ.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని మా ఆవిడ సాధిస్తోంది. అన్నం తింటూ కూడా ఎదుటివాళ్ళ భుజాలు కొలుస్తున్నానట.

ఆసుపత్రిలో ఏసీ చలి ఎక్కువని రాశారు బావ. అందుకని నీకో కోటు కుట్టి పార్సిల్ చేశాను. నా చేతుల్లోంచి వచ్చినవాటిలో ఇదే గొప్పది. మేకులేమీ లేవు, భయపడకు. ఒక్కటే ఉంది, అదీ లోపలివైపు.

నీ తమ్ముడు (దర్జీ)

*

ఆసుపత్రి, ఎనిమిది మంచాల వార్డు
నాలుగో కోర్సు ఎక్కుతుండగా

తమ్ముడూ,

నీ కోటు అందింది.

మీ బావ పార్సిల్ విప్పి దాన్ని నేల మీద పెట్టారు. అది నిలబడింది. లోపల ఎవరూ లేకుండా, రెండు చేతులూ ముందుకి చాచుకుని నిలబడింది. మందు తెచ్చిన నర్సు దానితో "కాస్త పక్కకి జరగండి" అంది. వార్డంతా ఒకటే నవ్వు. కిటికీ పక్క మంచం పెద్దావిడ వచ్చినప్పటి నుంచీ గోడవైపు తిరిగి పడుకునేది, ఎవరితో పలికేది కాదు. ఆవిడ ఇటు తిరిగి, ఆ కోటుని తన మంచం దగ్గర కాపలా పెట్టమని అడిగింది. నేను నవ్వీ నవ్వీ సెలైన్ సూది ఊడగొట్టుకున్నాను.

తర్వాత కళ్ళు తుడుచుకుని ఆలోచించాను. ఇలాంటివి డబ్బిచ్చి ఎవరు కుట్టించుకుంటార్రా?

హెడ్మాస్టరుకి పదకొండేళ్ళుగా ఒకటే ప్యాంటు. దాని అంచులు నాలుగుసార్లు తిప్పి కుట్టింది నేనే. కొత్తది కుట్టించుకోండంటే "ఇది నాకంటే గట్టిది" అనేవారు. ఆయనకి తొమ్మిది ప్యాంట్లెందుకు? రొట్టెల షాపుకి కిటికీయే లేదు, ఆరు పరదాలు ఎక్కడ వేలాడదీసింది? డిపో వాళ్ళకి యూనిఫారం కంపెనీ ఇస్తుంది. ఎనిమిదేళ్ళుగా మీ బావది ఉతుకుతున్నదాన్ని, నాకు తెలీదా?

మీ బావని నిలదీశాను. ఆయన చక్రాల కుర్చీ బ్రేకు సరిగ్గా ఉందో లేదో చూస్తూ కూర్చున్నారు. అంటే ఆయనకి తెలుసు. ఊరందరికీ తెలుసు. తెలీనివాళ్ళు ఇద్దరే, నువ్వూ నేనూ.

ఇది బేరం కాదురా, దానం. చందా డబ్బాలో వేస్తే నేను తీసుకోనని, నీ మెషీన్ కింద వేశారు. నాన్న పోయినప్పటి చూపు ఇప్పుడు రెండు వందల కళ్ళతో నాకోసం కాసుకుని ఉంది. ఆ కళ్ళ మధ్య బతకడం నావల్ల కాదు. ఐదో కోర్సుకి నేను వెళ్ళను. డాక్టరుకి కూడా చెప్పేశాను. వచ్చే మంగళవారం ఇంటికొస్తున్నాను. ఎవరెవరు ఎంతిచ్చారో రాసి ఉంచు. మెల్లగా తీర్చేస్తాను. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు.

కోపం నీ మీద కాదు. నువ్వు నిజంగానే కుట్టావు, అది నాకు తెలుసు.

అక్క

*

దర్జీ షాపు, మెట్ల మీద కూర్చుని
ఉత్తరం అందిన రోజే

అక్కా,

చదివి రెండు రకాలుగా ఏడ్చాను. నువ్వు మందు మానేస్తానన్నందుకు ఒకటి, నాకు కుట్టడం రాదని తెలిసినందుకు ఒకటి. రెండోది చిన్నదే, అయినా వచ్చింది.

చొక్కా కూడా మార్చుకోకుండా హెడ్మాస్టరు గారింటికి పోయాను. ఆయన నేను కుట్టిన ప్యాంటులో గోడకి చేరగిలబడి నిలబడే పేపరు చదువుకుంటున్నారు.

"మీకు తొమ్మిది ప్యాంట్లెందుకండీ?" అన్నాను.

"తొడుక్కోవడానికి" అన్నారు.

"అంటే నాకు కుట్టడం రాదా?"

ఆయన పేపరు మడిచి, "నువ్వు తలుపులు చాలా బాగా చేస్తావు నాయనా" అన్నారు.

అప్పుడు నీ ఉత్తరం చేతిలో పెట్టాను. చదివారు. చదువుతుంటే ఆయన మొహం మాడిపోయింది. నాకు తెలిసి ఆయన ఎవరి మీదా అరవలేదు, ఆరోజు నా మీద అరిచారు. "దానమా? ఎవరు చేశారు దానం? నాకేం పనిలేదా?" అని పర్సులోంచి తొమ్మిది రసీదులు తీసి బల్ల మీద కొట్టారు. "వెనక్కి తిప్పి చదువు."

అక్కా, రసీదు పుస్తకం నీదేగా, షాపు తెరిచినప్పుడు నువ్వు అచ్చు వేయించిందే. నేను చించి ఇవ్వడమే కానీ ఏనాడూ తిప్పి చూడలేదు. వెనక ఇలా ఉంది: "కుట్టు నచ్చని యెడల యజమానురాలు స్వయంగా విప్పి కుట్టి ఇవ్వగలరు. ఇందుకు వేరే డబ్బు తీసుకోబడదు."

"నీ కుట్టుకి ఎవడిచ్చాడయ్యా డబ్బు?" అన్నారు. "నువ్వు వేసింది పచ్చి కుట్టు, గుడ్డ చెదిరిపోకుండా పట్టి ఉంచడానికి. అసలు కుట్టు మీ అక్క వచ్చి వేస్తుంది. దానికి ముందే చెల్లించాం. నేను నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయాయి. రెండు నెలల్నించి కుర్చీ మొహం చూడలేదు. ఆవిడ మధ్యలో మందు మానేసి మా ప్యాంట్లు ఇలాగే వదిలేస్తానంటే నేను కోర్టుకెక్కుతా. రాయి, అలాగే రాయి."

అలాగే రాస్తున్నాను. అక్కడి నుంచి వస్తుంటే పోస్ట్‌మాన్, రొట్టెలావిడ, డిపో వాళ్ళు, అందరూ తలా ఒక రసీదు చూపించారు. ఎవరి చూపులోనూ నువ్వు చెప్పింది కనపడలేదక్కా. ఇబ్బంది కనపడింది, చంకల దగ్గర బిగుతు వల్ల.

నాకు ఇంకేం వాదించాలో తెలీదు. నువ్వు లేకపోతే నాకు అక్క లేదు. అంతే.

తమ్ముడు

*

కార్డు
సోమవారం

ఒరేయ్, ఆ వాక్యం అచ్చు వేయించిన రోజు నా బుద్ధి గడ్డి తిన్నది. షాపు మాట షాపు మాటే. రేపు ఇంటికి రావడం లేదు, ఐదోదానికి వెళ్తాను. నిజం చెప్పు, మొత్తం ఎన్ని పాడుచేశావు? — అక్క

*

కార్డు
గురువారం

రెండు వందల పదమూడు. పరదాలు కలిపి. — తమ్ముడు

*

మూడో అంతస్తు గది
ఆరో కోర్సు అయి నెల దాటాక

తమ్ముడూ,

అయిపోయాయి. ఆరూ అయిపోయాయి. స్కాన్‌లో ఏమీ కనపడలేదని డాక్టరు చెప్పగానే మీ బావ నన్ను కుర్చీతో సహా వరండా చివరిదాకా హారన్ కొట్టుకుంటూ తోసుకుపోయారు. నేను నడవగలనని ఆయనకి గుర్తులేదు. నాకూ లేదు. కోటుని కిటికీ పక్క పెద్దావిడకే వదిలేశాను, ఆవిడ ఇవ్వనంది.

బుధవారం బయల్దేరుతున్నాం. వేళ్ళు కొంచెం నయం. రాగానే మెషీన్ ముందు కూర్చుంటాను. రోజుకి ఏడెనిమిది చొప్పున నెలలో రెండు వందల పదమూడూ విప్పి కుట్టి ఎవరివి వాళ్ళకిచ్చేస్తాను. ఒక్కరి బాకీ కూడా ఉంచుకోను. అందరికీ చెప్పు, గురువారం పొద్దున్నే మొత్తం తెచ్చి షాపులో పడెయ్యమను.

ఎందుకింత తొందరంటావేమో. మీ బావకి చెప్పని మాట నీకు చెప్తున్నాను. డాక్టరు "పోయింది" అనలేదురా. "కనపడటం లేదు" అన్నారు. ఐదేళ్ళు చూస్తూ ఉండాలట, ఐదేళ్ళు దాటితే అప్పుడు పోయినట్టేనట. నాకు భయంగా ఉంది. వచ్చే వారం దాటి ఆలోచించడం ఈ ఆరు నెలల్లో మర్చిపోయాను. ఐదేళ్ళు ఎలా లెక్కపెట్టుకోవాలో తెలీడం లేదు. పని పూర్తి చేసేస్తే, ఆ తర్వాత ఏదైనా కానీ, నిశ్చింతగా ఉంటాను.

అక్క

*

దర్జీ షాపు
శనివారం సాయంత్రం

అక్కా,

నువ్వు బయల్దేరేలోగా ఇది అందాలని పోస్ట్‌మాన్ చేతికే ఇచ్చాను. సొరుగులో పెట్టుకున్నాడు.

నువ్వు చెప్పమన్నది అందరికీ చెప్పాను. గురువారం ఎవరూ తేరట. హెడ్మాస్టరు గారింట్లో సమావేశం పెట్టుకున్నారు. నేను కుట్టిన బట్టలే అందరి ఒంటి మీదా, అందుకని అందరూ నిలబడే మాట్లాడారు. నీ భయం సంగతి నేను చెప్పలేదు, ఐదేళ్ళు చూడాలన్నారని మాత్రం చెప్పాను. అది విని రొట్టెలావిడ, "మాకేం తొందర లేదు, వారానికొకరం తెస్తాం" అంది. అందరూ సరేనన్నారు. వారానికి ఒక్కటే, అంతకంటే ఇవ్వరట. నువ్వు ఎంత అరిచినా ఇవ్వరట. హెడ్మాస్టరు గారు ఏ వారం ఎవరి వంతో పట్టిక కూడా వేసేశారు. తన తొమ్మిది ప్యాంట్లనీ తొమ్మిది చోట్ల రాసుకున్నారు. మొదటి వారం మాత్రం ఆయనదే, కాళ్ళ వాపు వల్ల.

పట్టిక పూర్తయ్యాక ఆయన లెక్కపెట్టి, పెన్ను కింద పెట్టేశారు. ఐదేళ్ళకి రెండు వందల అరవై వారాలట. మన దగ్గరున్నవి రెండు వందల పదమూడే. నలభై ఏడు తక్కువ.

అందుకని మళ్ళీ గుడ్డలు తెస్తున్నారు. ఇప్పటికి పదకొండు కుట్టాను. ఒక్కటే చిక్కు వచ్చి పడింది, ఈ మధ్య నా చెయ్యి తిరిగి చక్కగా వస్తున్నాయి. చక్కగా వస్తే నీకు పనుండదని, కళ్ళు మూసుకుని కుడుతున్నాను.

ఇంకా ముప్పై ఆరు ఉన్నాయి, ఉంటాను.

నీ తమ్ముడు